గాజు తొట్టిలో గోదావరి

సివిల్ ఇంజనీరింగ్ చదివిన తెలుగువాళ్లను ఎవరినైనా ఆపి 0.62 అంటే ఏమిటని అడగండి. ముందు నవ్వుతారు. హైడ్రాలిక్స్ ల్యాబులో ఆరిఫైస్ ప్రయోగానికి రావలసిన గుణకం అది. వస్తే సరే, రాకపోతే రప్పిస్తారు. జవాబు ముందే రాసుకుని, అక్కడినుంచి వెనక్కి లెక్కకట్టి, తొట్టి నిండటానికి ఎన్ని సెకన్లు పట్టి ఉండాలో తేల్చి, ఆ సెకన్లను రికార్డు బుక్కులో రీడింగులుగా నింపేస్తారు. స్టాప్‌వాచ్ బల్ల మీదే ఉంటుంది. పంపు కూడా తిరుగుతూనే ఉంటుంది.

కాలేజీ ఫెస్టులో ఇంకో రకం కనిపిస్తుంది. థర్మోకోల్ డ్యామ్, దాని వెనక నీలిరంగు పూసిన అట్ట, గట్టు మీద పచ్చ స్పాంజి చెట్లు. ఇప్పుడు త్రీడీ ప్రింటర్లు వచ్చాయి కాబట్టి అదే డ్యామ్ ప్లాస్టిక్‌లో వస్తోంది. చూడ్డానికి బాగుంటుంది. అయితే అది బొమ్మ. మోడల్ అనిపించుకోవాలంటే దాన్ని ఒక ప్రశ్న అడగగలగాలి, అది చెప్పే జవాబు మనకు ముందే తెలిసి ఉండకూడదు. మన ఇంజనీరింగ్ చదువుల్లో వర్క్‌షాప్ ఉంది, డ్రాయింగ్ ఉంది, ల్యాబులున్నాయి. చేతికి పని దొరుకుతోంది, ఆ పని వెనక ప్రశ్నే దొరకడం లేదు.

ప్రశ్నతో మొదలయ్యే డిజైన్, మోడలింగ్ కోర్సు తెలంగాణలో పెట్టాలంటే కాళేశ్వరానికి మించిన చోటు లేదని నా అభిప్రాయం. జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో గోదావరిలో ప్రాణహిత కలిసే చోటది. ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న గుడి. ముక్తేశ్వర లింగానికున్న రంధ్రాల్లో పోసిన నీళ్లు భూమిలోంచి వెళ్లి సంగమంలో కలుస్తాయని భక్తుల నమ్మకం. మూడో నది సరస్వతి ఇక్కడ అంతర్వాహిని. 2025 మే నెలలో ఆ నదికే పుష్కరాలు జరిగాయి. సంగమానికి దిగువన మేడిగడ్డ దగ్గర ఇంజనీర్లను ఇబ్బంది పెట్టింది కూడా కంటికి కనబడకుండా నేల కింద నడిచే నీరే.

మేడిగడ్డ బ్యారేజీ పొడవు 1.6 కిలోమీటర్ల పైచిలుకు, గేట్లు 85, నిల్వ సామర్థ్యం 16.17 టీఎంసీలు. 2019 జూన్ 21న కాళేశ్వరం ఎత్తిపోతల పథకం ప్రారంభమైంది. 2023 అక్టోబర్ 21 సాయంత్రం ఏడో బ్లాకులో 20వ పియర్ కుంగింది, చుట్టుపక్కల పియర్లు దెబ్బతిన్నాయి. మూడు రోజుల్లో జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ నిపుణులు వచ్చి చూశారు. ప్లానింగ్, డిజైన్, నాణ్యత నియంత్రణ, నిర్వహణ, ఈ నాలుగింటిలోనూ లోపాలున్నాయని నవంబరు మొదట్లో నివేదిక ఇచ్చారు. పునాది కింది ఇసుక నీటితోపాటు కొట్టుకుపోవడాన్ని ముఖ్య కారణాల్లో ఒకటిగా చూపారు. అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ఆ నివేదికతో విభేదించింది. తర్వాత మరో నిపుణుల కమిటీ, జస్టిస్ పినాకి చంద్ర ఘోష్ విచారణ కమిషన్ వచ్చాయి. ఎవరిది తప్పన్న వాదన కోర్టుల్లో, సభల్లో నడుస్తోంది, దాన్ని అక్కడే నడవనిద్దాం. ఇసుక ఎలా కదులుతుందన్నది మాత్రం తరగతి గదిలో తేల్చుకోగల విషయం.

అలా తేల్చుకోవడం ఈ దేశానికి కొత్త కూడా కాదు. 1895లో పంజాబ్‌లో చీనాబ్ నది మీది ఖంకీ ఆనకట్ట దెబ్బతింది. అప్పుడు రూర్కీలోని థామసన్ ఇంజనీరింగ్ కాలేజీ ప్రిన్సిపాల్ కర్నల్ క్లిబర్న్ ఆ ఖంకీ ఇసుకనే తెప్పించి, గొట్టంలో కూరి, ఒకవైపు నుంచి నీళ్లు వదిలాడు. దారి పొడవునా ఒత్తిడి ఎలా తగ్గుతూ వస్తోందో కొలిచాడు. ఆనకట్ట కూలితే ఒక కాలేజీ ప్రిన్సిపాల్ ఇసుకలో చేతులు పెట్టాడు. మన దగ్గర కూలితే ప్రిన్సిపాళ్లు టీవీ చర్చలకు వెళతారు. (అందరూ కాదులెండి.)

ఆ ప్రయోగాల బాటలోనే 1910లో బ్లై సూత్రం వచ్చింది. కట్టడం అడుగును ఆనుకుని నీరు పాకే దారి ఎంత పొడవుంటే అంత క్షేమమని దాని సారం. లెక్క సులువు కాబట్టి అందరూ వాడేశారు. అయితే ఎగువ చీనాబ్ కాలువ మీద ఆ సూత్రం ప్రకారమే కట్టిన సైఫన్లు ఇబ్బంది పెట్టాయి. 1926-27లో ఎ.ఎన్.ఖోస్లా అనే ఇంజనీరు వాటి అడుగున గొట్టాలు దించి అసలు ఒత్తిడి కొలిస్తే, బ్లై లెక్కకూ దానికీ పొంతన కుదరలేదు. లాహోర్‌లోని పంజాబ్ ఇరిగేషన్ పరిశోధనాలయంలో నీటికి బదులు కరెంటు పారించి, విద్యుత్ నమూనాల మీద ఇదే లెక్క సరిచూశారు. ఇసుకలో ఊట, వాహకంలో కరెంటు ఒకే సమీకరణానికి లోబడతాయి మరి. 1936లో ఖోస్లా, బోస్, టేలర్ కలిసి పుస్తకం వేశారు. ఇసుక మీద కట్టే బ్యారేజీలకు ఇప్పటికీ మన బీటెక్ పిల్లలు బట్టీ పట్టే సూత్రాలు దాంట్లోవే. అవి గొట్టాలతో కొలిచి, మోడళ్లతో తేల్చుకున్న సూత్రాలని చాలామందికి తెలియదు.

కోర్సు మొదటి వారానికి ఒక ప్లాస్టిక్ బకెట్ చాలు. అడుగున చిల్లు పొడిచి పైపు బిగించాలి, కొంచెం కంకర, దానిమీద గుడ్డ, ఆ పైన 20 సెంటీమీటర్ల గోదావరి ఇసుక. ఇంకో తొట్టిని ఎత్తులో పెట్టి దాని నీటిని ఈ పైపుకి కలపాలి. ఇసుక మీద ఒక పెద్ద ఇనుప బోల్టు పెట్టండి, లోపల ఒక టేబుల్ టెన్నిస్ బంతి పాతిపెట్టండి. ఎత్తు తేడా ఐదు సెంటీమీటర్లున్నప్పుడు నీరు ఊరుతుంది, ఇసుక కదలదు. పదికీ కదలదు. పదిహేను దాటాక పైపొర చెమ్మగా మెరుస్తూ వణుకుతుంది. ఇరవైకి కాస్త అటూఇటూగా, చెప్పాపెట్టకుండా ఇసుక మరిగే అన్నంలా కుతకుతలాడుతుంది. బోల్టు మునుగుతుంది, బంతి పైకి తేలుతుంది.

ఎందుకు ఇరవై? ఇసుక రేణువు నీటికన్నా సుమారు 2.65 రెట్లు బరువు. నీటిలో మునిగాక దాని నికర బరువు 1.65 వంతులే. రేణువుల మధ్య ఖాళీల్ని కూడా లెక్కలోకి తీసుకుంటే, ఒక సెంటీమీటరు మందం ఇసుకను ఎత్తిపట్టడానికి దాదాపు ఒక సెంటీమీటరు నీటి ఒత్తిడి సరిపోతుంది. అంటే నీటి ఎత్తు తేడాను ఇసుక మందంతో భాగిస్తే వచ్చే వాలు ఒకటికి చేరితే ఇసుకకు బరువుండదు, బలమూ ఉండదు. ఇసుక తన గుణం మార్చుకోలేదు, నీరు దాని బరువును మోసేసిందంతే. ఈ ఒక్క సంగతి చేత్తో చూసినవాళ్లకు ఖోస్లా పుస్తకంలోని భద్రతా నియమాలు వేరేగా కనిపిస్తాయి. సన్న ఇసుకలోంచి నీరు బయటికొచ్చే చోట ఆ వాలు ఆరింట ఒక వంతుకో ఏడింట ఒక వంతుకో మించకూడదంటాడాయన. బకెట్ చూడకముందు అది పరీక్షలో రాయాల్సిన అంకె మాత్రమే.

ఊళ్లో చెరువు కట్ట కాసే నీరటికాళ్లకు ఇదంతా వేరే భాషలో తెలుసు. కట్ట దిగువన తేటనీరు ఊరుతుంటే చూస్తూ ఉంటారు, నీరు మసకబారితే పరుగెడతారు. ఆ మసక కట్ట లోపలి మట్టి. బుంగ పడిందంటే దాని చుట్టూ ఇసుక సంచులు గుండ్రంగా పేర్చి లోపల నీటిమట్టం పెరగనిస్తారు. ఎత్తు తేడా తగ్గి, వాలు తగ్గి, మట్టి ఆగుతుంది. 2023 నవంబరులో అన్నారం బ్యారేజీ దిగువన బుంగలు కనిపించినప్పుడు కూడా ఇసుక సంచులే ముందు వచ్చాయి.

రెండో మెట్టు గాజు తొట్టి. దీనికి పెద్ద ల్యాబు ఉండాలని పట్టుబట్టేవాళ్లు టెర్జాగీ సంగతి గుర్తుచేసుకోవాలి. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో ఇస్తాంబుల్‌లోని రాబర్ట్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, సిగార్ పెట్టెలు, వంటింటి సామానుతో పరికరాలు చేసుకుని ఆయన మట్టి యాంత్రిక శాస్త్రానికి పునాది వేశాడు. మనకు కావలసింది మందపాటి గాజు పలకల తొట్టి, తడి ఇసుక, బ్యారేజీ ర్యాఫ్ట్‌కు, అంటే పునాది పలకకు బదులు 60 సెంటీమీటర్ల యాక్రిలిక్ పలక, ఊటకు అడ్డంగా నేలలోకి దించే కటాఫ్ గోడలకు సన్నని రేకులు, పలకకు బెజ్జాలు పెట్టి బిగించిన సన్నని గాజు గొట్టాలు. ఎగువన రంగు చుక్కలు వదిలితే పలక కింద నీరు గీసే వంపులు గాజులోంచి కనిపిస్తాయి.

ఇక్కడ విద్యార్థి ముందు జోస్యం చెప్పాలి, తర్వాతే కొలవాలి. నీటి ఎత్తు తేడా 15 సెంటీమీటర్లు అనుకుందాం. దిగువ రేకు 2 సెంటీమీటర్లు దిగితే, నీరు బయటికొచ్చే చోటి వాలు ఖోస్లా సూత్రం ప్రకారం 0.61. అయిదు సెంటీమీటర్లు దిగితే 0.37, పదికి 0.25, ఇరవైకి 0.17. అసలు రేకే లేకపోతే? సూత్రం అనంతం అంటుంది. అందుకే దిగువ కటాఫ్ లేని బ్యారేజీ ఇసుక మీద ఉండదు. ఇంకో సంగతి కూడా ఈ అంకెల్లోనే ఉంది. రేకును రెండు నుంచి అయిదుకు దించితే కలిసొచ్చినంత లాభం పది నుంచి ఇరవైకి దించినా రాదు. డిజైన్ అంటే ఎక్కడ ఆగాలో తెలియడం కూడా.

తర్వాత కొలిస్తే అంకెలు కలవవు. ఇక్కడే కోర్సు రుచి. ఖోస్లా సూత్రం ఇసుక లోతుకు అంతే లేదనుకుంటుంది, తొట్టికేమో అడుగుంది. నదికీ అంతే. మేడిగడ్డ దగ్గర ఇసుక కింద రాయి ఉంది. రేకును తొట్టి అడుగుదాకా దించేస్తే ఊట ఆగిపోవాలి, కాగితం మీద సున్నా. ఇప్పుడు ఆ రేకులో మూడు మిల్లీమీటర్ల చీలిక చేసి మళ్లీ దించండి. నీరంతా ఆ చీలిక వెతుక్కుంటూ వెళుతుంది. వేగం అక్కడే పెరుగుతుంది, ఇసుక అక్కడే మొదట కదులుతుంది.

మేడిగడ్డలో కటాఫ్ గోడలు సికెంట్ పైల్స్‌తో కట్టినవి. ముందు విడివిడిగా కొన్ని కాంక్రీటు స్తంభాలు భూమిలో పోస్తారు, తర్వాత వాటి మధ్య తవ్వుతూ రెండు పక్కల స్తంభాల అంచుల్ని కోసుకుంటూ కొత్త స్తంభాలు పోస్తారు. అన్నీ ఒకదాన్నొకటి కరుచుకుని గోడ అవుతాయి. డ్రిల్లింగ్ నిట్టనిలువు నుంచి నూటికి ఒక వంతు తప్పితే, పది మీటర్ల లోతుకు వెళ్లేసరికి పది సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. పైనుంచి చూస్తే గోడ చక్కగా ఉంటుంది. ఈ పైల్స్ పనిలో నాణ్యత నియంత్రణను మొదటి నివేదిక వేలెత్తి చూపిన కారణం తొట్టి ముందు కూర్చున్నవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇసుకను మరీ ఆడిపోసుకోకూడదు. పొరుగున ములుగు జిల్లా పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి ఇసుకతో కూరిన పునాది మీదే నిలబడింది. శాండ్‌బాక్స్ పద్ధతి అంటున్నది దాన్నే. 2021 జులైలో యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చాక పేపర్లన్నీ రాశాయి. గోతిలో బిగించిన ఇసుక పక్కకు పోయే దారి లేక బరువును పంచుకుని మోస్తుంది. 1847-52 మధ్య కాటన్ ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టిందీ గోదావరి ఇసుక మీదే. ఇసుక పారిపోయే దారి మూసిందా తెరిచిందా అన్నదే తేడా. విద్యార్థుల్ని రామప్పకు తీసుకెళ్లే బస్సు ఎలాగూ ఉంటుంది, విహారయాత్రకు. దాన్నే పాఠంగా మార్చడానికి అదనంగా పైసా ఖర్చు కాదు.

ఊట నేల కింది కథ. నేల మీది వరదకు ఇంకో మోడల్ కావాలి, దాని న్యాయమే వేరు. ఓడల కోసం విలియం ఫ్రూడ్ 1870ల్లో తొట్టిలో తేల్చిన సూత్రం ఇక్కడ పనికొస్తుంది. బ్యారేజీని నూరో వంతుకు కుదిస్తే వేగం పదో వంతు, కాలం పదో వంతు, ప్రవాహం మాత్రం లక్షో వంతు. మేడిగడ్డకు లెక్కగట్టిన గరిష్ఠ వరద 28.25 లక్షల క్యూసెక్కులు. మోడల్లో అది 28.25 క్యూసెక్కులు, అంటే సెకనుకు సుమారు 800 లీటర్లు, బ్యారేజీ పొడవు 16 మీటర్లు. కాలేజీ పంపు దానికి చాలదు. అందుకే 85 గేట్లలో అయిదింటిని తీసుకుంటారు. మీటరుకు కాస్త తక్కువ వెడల్పు ఫ్లూమ్ (నీరు పారించే పొడవాటి తొట్టి), సెకనుకు 47 లీటర్లు. ఇది ఏ కాలేజీకైనా అందే పని. గేట్ల కిందినుంచి దూసుకొచ్చే నీరు దిగువన ఎక్కడ ఎగిసి నెమ్మదిస్తుందో, ఆ ఎగిసే చోటు కాంక్రీటు అంచు దాటిపోతే ఏమవుతుందో కళ్లముందే జరుగుతుంది. 2019లో మొదటి వరదకే దిగువ సీసీ బ్లాకులు కొట్టుకుపోయిన సంగతి గుర్తుంటే ఈ ప్రయోగం ఇంకాస్త ఆసక్తిగా ఉంటుంది.

అయితే ఈ మోడల్లో ఇసుక మొరాయిస్తుంది. 0.3 మిల్లీమీటర్ల రేణువును నూరో వంతు చేస్తే 0.003 మిల్లీమీటర్లు. అది ఇసుక కాదు, దాదాపు బంకమట్టి. రేణువులు ఒకదానికొకటి అంటుకుంటాయి, నీటికి అసలు ఇసుకలా కదలవు. కాబట్టి ఏ ఫ్లూమూ వరదనూ ఊటనూ ఒకేసారి నిజాయతీగా చూపలేదు. పైన పారే నీటి కోసం చేసిన మోడల్‌ను పునాది గురించి అడిగితే అది మౌనంగా ఉంటుంది, ఆ మౌనాన్ని క్షేమం అనుకునే ప్రమాదం ఉంది. మేడిగడ్డ మోడల్ అధ్యయనాలు హైదరాబాద్ హిమాయత్‌సాగర్ దగ్గరి రాష్ట్ర ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో జరిగాయి. అలాంటి అధ్యయనం ఏ ప్రశ్నలకు జవాబిస్తుంది, ఏ ప్రశ్నలు దాని పరిధిలోకే రావు అని విడదీయగలగడం ఇంజనీరుకు మొదటి అర్హత.

ఇసుక కోతను చూపాల్సి వస్తే ఇసుక బదులు తేలికైన పొడి వాడతారు. నలగ్గొట్టిన బొగ్గు దానికి బాగా పనికొస్తుంది, నీటికన్నా కొద్దిగానే బరువు కాబట్టి చిన్న ప్రవాహానికే కదులుతుంది. భూపాలపల్లిలో సింగరేణి గనులుండగా బొగ్గు పొడికి వెతుక్కోనక్కర్లేదు. కొలతల్ని సాగదీసే మార్గమూ ఉంది. 1885లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ ఇంగ్లండ్‌లోని మెర్సీ నదీముఖాన్ని అడ్డంగా 31,800వ వంతుకు, నిలువునా 960వ వంతుకు కుదించి బల్లమీదికి తెచ్చాడు. అంత వంకర మోడల్లోనూ ఇసుక దిబ్బలు అసలు నదిలో ఉన్నట్టే ఏర్పడ్డాయి.

కంప్యూటర్ సంగతి చెప్పకపోతే హైదరాబాద్ అమీర్‌పేట ఊరుకోదు. అక్కడ కోర్సులు ఏ బటన్ నొక్కాలో నేర్పుతాయి, ఫైనలియర్ ప్రాజెక్టులు ప్యాక్ చేసి అమ్మే దుకాణాలూ ఉన్నాయి. అమెరికా సైనిక ఇంజనీర్లు తయారుచేసిన హెక్-రాస్ ఉచితమే, నదీ ప్రవాహానికి మంచి సాఫ్ట్‌వేర్. కానీ మొదట వాడాల్సింది ఎక్సెల్ అంటాను. గళ్లన్నీ ఇసుక అనుకోండి. ఎగువ గళ్లలో 15, దిగువ గళ్లలో సున్నా రాయండి. మిగతా ప్రతి గడికీ దాని నాలుగు పక్కల గళ్ల సగటు అని సూత్రం ఇచ్చి, మళ్లీ మళ్లీ లెక్కించమనండి. ర్యాఫ్ట్, రేకు ఉన్న చోట నీరు దాటకుండా చిన్న సవరణ చేయాలి. కాసేపట్లో అంకెలు కుదురుకుంటాయి, తొట్టిలో గొట్టాలు చూపిన మట్టాలు గళ్లలో కనిపిస్తాయి. లాహోర్‌లో కరెంటుతో చేసిన పని ఇదే. ఆ తర్వాత పెద్ద సాఫ్ట్‌వేర్ తెరిస్తే అది లోపల ఏం చేస్తోందో, మనం ఇవ్వని సమాచారాన్ని తనే ఎక్కడ ఊహించుకుందో తెలుస్తుంది. ఎక్సెల్‌లో చీలిక పెట్టకపోతే చీలిక ఉండదు.

మెకానికల్, ఎలక్ట్రికల్ వాళ్లకూ ఇక్కడ పని తక్కువ లేదు. వంద మీటర్ల మట్టం నుంచి నీటిని మెట్లుమెట్లుగా ఎత్తుతూ కొండపోచమ్మ సాగర్ దగ్గర 618 మీటర్లకు చేర్చడానికి కట్టిన పథకం కాళేశ్వరం. కన్నెపల్లిలో 17 మోటార్లున్న పంప్‌హౌస్ 2022 జులై వరదల్లో మునిగింది. పంపు నోటి దగ్గర సుడి ఎందుకు పుడుతుంది, రక్షణ గోడ ఎంత నీటిని ఆపాలి, ఒక్కోటీ ఒక సెమిస్టర్ పని.

కాలేజీలు దూరంలో లేవు. మంథని పేరుతో జేఎన్టీయూ కాలేజీ పక్క జిల్లాలోనే ఉంది. వరంగల్ ఎన్ఐటీ ప్రాంతీయ ఇంజనీరింగ్ కాలేజీగా 1959లో మొదలైంది, ఆ ఏడాది అక్టోబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. నాగార్జునసాగర్ కడుతున్న రోజుల్లో ఎదిగిన కాలేజీ అది. అసలు చిక్కు మార్కుల దగ్గర. అంకె కలిసినందుకు మార్కులు వేసినన్నాళ్లూ అంకెలు కలుస్తూనే ఉంటాయి.

అందుకే ఈ కోర్సుకు నేననుకునే పరీక్ష ఇలా ఉంటుంది. ఈసారి తొట్టి వెడల్పుగా ఉండాలి, నల్ల కాగితంతో పక్కలన్నీ మూసేయాలి. అడుగుదాకా దించిన రేకులో ఎక్కడో ఒకచోట ఉపాధ్యాయుడు రహస్యంగా చీలిక చేసి ఉంచుతాడు. ర్యాఫ్ట్ పలక మీద మూడు వరసల గొట్టాలుంటాయి. విద్యార్థుల చేతిలో ఒక స్కేలు, ఒక ఎక్సెల్ షీటు, మూడు గంటల సమయం. నీరు పెట్టి గొట్టాల్లో మట్టాలు రాసుకుంటారు. ఏ వరసలో మట్టం ఉండాల్సినదానికన్నా తేడాగా ఉంది, ఎంత తేడాగా ఉంది అని చూసుకుంటూ చీలిక ఏ మూల, ఎంత లోతులో ఉందో గీసి ఇవ్వాలి. ఎంత నమ్మకంగా చెప్పగలరో పక్కనే రాయాలి. రెండో నిపుణుల కమిటీ సూచన మీద 2024లో పుణె, ఢిల్లీ, హైదరాబాద్ పరిశోధన సంస్థల వాళ్లు మేడిగడ్డకు వచ్చి చేయాల్సి వచ్చిన పని ఇంచుమించు ఇలాంటిదే. వాళ్ల ముందున్నది 1.6 కిలోమీటర్ల తొట్టి, అందులో చీలిక ఉందో లేదో, ఉంటే ఎన్నో, ముందుగా తెలిసినవాళ్లు ఎవరూ లేరు.